పళ్ల డాక్టరంటే నాకే వణుకు, బాబును ఎలా తీసుకెళ్లను?

తెనాలి నుంచి ఒక తల్లి రాశారు. బాబుకు నాలుగున్నరేళ్లు. కింది దవడ పన్ను పుచ్చి, రాత్రిళ్లు నిద్రలేచి ఏడుస్తున్నాడు. ఆస్పత్రికి తీసుకెళితే కుర్చీ ఎక్కగానే నోరు బిగించేశాడు, డాక్టర్ వేలు కొరికాడు, "గట్టిగా పట్టుకోండమ్మా" అని ఆయన అనేసరికి ఈమె వాణ్ని ఎత్తుకుని బయటికి వచ్చేశారు. ఈమెకు తొమ్మిదేళ్లప్పుడు కాళ్లూ చేతులూ అదిమిపట్టి పన్ను పీకించారట. "గారాబం చేసి పాడుచేశావు" అంటున్నారు భర్త, "పాలపళ్లేగా, ఎలాగూ ఊడిపోతాయి" అంటున్నారు అత్తగారు. వాడలా చేయడం నా వల్లేనా అని అడుగుతున్నారు.

అమ్మా, కొంతవరకు అవును. కానీ అది మీ తప్పని నేను అనను. పట్టుకోండి అన్న మాట వినగానే మీకు మీ తొమ్మిదో ఏడే గుర్తొచ్చి ఉంటుంది, అలాంటప్పుడు బిడ్డను ఎత్తుకుని వచ్చేయకుండా ఎలా ఉంటారు? తల్లిదండ్రుల భయానికీ పిల్లల భయానికీ సంబంధం ఉందని, అది ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ వయసు పిల్లలు కొత్త చోటికి వెళ్లగానే ముందు అమ్మ ముఖం చూస్తారు. మీరు వాడి చెయ్యి బిగించి పట్టుకున్నా, గొంతు వణికినా, "ఏం కాదు నాన్నా, నొప్పి ఉండదు, భయపడకు" అని పదిసార్లు అన్నా, వాడికి వినిపించేవి నొప్పి, భయం అనే రెండు మాటలే. దానికితోడు పంటి నొప్పి, సరిగ్గా నిద్ర లేకపోవడం. ఇన్ని ఉన్నాక వాడు నోరు బిగించడాన్ని గారాబం అనడం అన్యాయం, ఈ మాట మీవారికి చదివి వినిపించండి.

అత్తగారి మాట మాత్రం ఈ విషయంలో వినకండి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి కానీ పాల దవడ పళ్లు పదీ పదకొండేళ్ల దాకా ఉండాలి. రాత్రిపూట నిద్ర లేపేంత నొప్పి ఉందంటే పుచ్చు లోపలి నరం దాకా పోయి ఉండవచ్చు, కాబట్టి ఈ వారంలోనే చూపించాలి. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే తీసుకెళ్లండి. ఈలోగా పంటిలో లవంగ నూనె లాంటివి పెట్టకండి.

ఈసారి పిల్లల పళ్ల డాక్టర్‌కే చూపించండి, పీడోడాంటిస్ట్ అంటారు. మీకు విజయవాడ దగ్గరే కదా, అక్కడి ప్రభుత్వ దంత కళాశాలలో పిల్లలకు వేరే విభాగం ఉంటుంది. చేయబోయేది ముందు మాటల్లో చెప్పి, ఆ పరికరాన్ని వేలి మీద చూపించి, ఆ తర్వాతే నోట్లో పెట్టే పద్ధతి వాళ్లకు బాగా అలవాటు. వెళ్లకముందే ఫోన్ చేసి, పోయినసారి జరిగింది దాచకుండా చెప్పండి. పొద్దున వాడు తిని, హుషారుగా ఉండే సమయం అడగండి.

లోపలికి మీరు వెళ్లకండి. మీ చెల్లెలు పక్క వీధిలోనే ఉంటుందని, వాడు ఆమెకు బాగా చేరికని రాశారు కదా, తనని పంపండి. మీవారైనా సరే, కానీ కోపం ఇంటి దగ్గరే వదిలి రావాలి. మీరు బయట కూర్చుంటున్నట్టు వాడికి ముందే చెప్పండి, దొంగచాటుగా జారుకుంటే మాత్రం వాడు ఇక ఎవరినీ నమ్మడు. ఇంట్లో నాలుగు రోజులు వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని సెల్ లైటు వేసి చెంచాతో పళ్లు లెక్కపెట్టే ఆట ఆడండి, 20 ఉంటాయి. వాడు చెయ్యెత్తితే మీరు ఆపేయాలి, అదే ఆటలో రూలు. డాక్టర్‌ని కూడా ఆ రూలు పాటించమని అడగండి. ఇంకొకటి, అన్నం తినకపోతే ఇంజెక్షన్ వేయిస్తా అనే బెదిరింపు మీ ఇంట్లో ఎవరి నోట ఉన్నా ఇవాళ్టి నుంచి మానేయాలి. ఆ మాట నాకు ఎక్కడ విన్నా బాధగా ఉంటుంది, ఎందుకంటే దాని ఫలితం నేను నా దగ్గరకు భయాలతో వచ్చే పెద్దవాళ్లలో చూస్తుంటాను.

ఇక మీ సంగతి. పళ్ల డాక్టరంటే ఎంత భయమో కొలవడానికి 1969లో నార్మన్ కోరా అనే పరిశోధకుడు నాలుగు ప్రశ్నలు రాశారు, ఇప్పటికీ వాడతారు. రేపు పళ్ల డాక్టర్ దగ్గరకు వెళ్లాలంటే, బయట వంతు కోసం కూర్చున్నప్పుడు, డ్రిల్ సిద్ధం చేస్తుంటే, క్లీనింగ్‌కి పరికరాలు తీస్తుంటే మీకెలా ఉంటుంది? ఒక్కోదానికి 1 నుంచి 5 వేసుకోండి, 1 అంటే భయమే లేదు, 5 అంటే విపరీతమైన భయం. మొత్తం 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అది తీవ్రమైన భయం, సైకాలజిస్టు సాయం తీసుకోండి. కొద్దికొద్దిగా దగ్గరవుతూ భయం తగ్గించుకునే పద్ధతులు ఉన్నాయి, కొన్ని వారాలు పడుతుంది.

ఆరేళ్లుగా కుడివైపే నములుతున్నానని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎడమవైపు పన్నుకేమైందో మీరూ చూపించుకోవాలమ్మా. బాబు లేకుండా ఒక్కరే వెళ్లండి. "నాకు చాలా భయం, మొదటిసారి మాట్లాడటానికే వస్తాను, కుర్చీలో కూర్చోను" అని ఫోన్‌లోనే చెప్పండి. సరే అనే డాక్టర్లు ఉంటారు. విసుక్కుంటే ఇంకో చోటికి ఫోన్ చేయండి.