పాత ఫోటోలు ఉండాల్సింది బీరువాలో కాదు, బల్ల మీద

"మా ఊరి చరిత్ర గురించిన పాత పుస్తకాలు, ఫోటోలు గ్రంథాలయాల్లో ఉంటాయా, ఉంటే అవి జనానికి ఎందుకు చేరడం లేదు, ఏం చేస్తే చేరతాయి" అని అడిగారు. ఉంటాయండీ. చేరకపోవడానికి కారణం అడిగితే అందరూ డబ్బు లేదంటారు, స్కానింగ్ మిషన్ లేదంటారు. నేను ఒప్పుకోను. వాటి సంగతి తెలిసిన ముసలివాళ్ళని పిలిచి, కూర్చోబెట్టి, ఇదేంటో చెప్పమని అడిగేవాళ్ళు లేరు, అదీ కారణం.

మాది చిత్తూరు, హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. 2017లో అనుకుంటా, అప్పుడు నేను పనిచేస్తున్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ అబ్బాయి వచ్చి, ఈసారి గ్రంథాలయ వారోత్సవాలకి ఏదైనా కొత్తగా చేద్దాం మేడమ్ అన్నాడు. నవంబర్ 14 నుంచి 20 దాకా ఏటా జరిగేవే కదా, దీపం వెలిగించడం, దండలు, ఉపన్యాసాలు, పిల్లలకి వ్యాసరచన పోటీ. ఆ వారం అయిపోగానే మళ్ళీ ఏడాది దాకా ఎవరూ అటు తొంగిచూడరు. ఆ అబ్బాయికి బీరువా సర్దుతుంటే అడుగున ఒక ఖాకీ కవరు దొరికిందట. అందులో పదకొండు ఫోటోలు. ఒక్కదాని వెనకా అక్షరం ముక్క లేదు.

ఇద్దరం కలిసి వాటిని జిరాక్స్ షాపులో పెద్దవి చేయించి చార్టులకి అంటించి, పేపర్లు చదివే బల్ల మీద పరిచాం. పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్కు, దానికి పురికొసతో కట్టిన పెన్సిలు. ఒక్కో ఫోటో కింద మాకు తోచింది రాసి, తెలిసినవాళ్ళు సరిచేయండి అని పెట్టాం. వాటిలో ఒకటి, జనం గిన్నెలూ కుండలూ పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు, వెనక పందిరి, పందిరి కింద రెండు పెద్ద వంట అండాలు. నేను "జాతరలో అన్నదానం" అని రాశాను.

రెండు రోజులు ఎవరూ పెన్సిలు ముట్టుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం, కానిస్టేబుల్ పరీక్షకి చదువుకుంటున్న మనవడికి క్యారియర్ ఇవ్వడానికి ఒక అవ్వ వచ్చింది. ఆమెకి చదువు రాదు. వాడు అన్నం తిని వచ్చేదాకా ఊరికే నిలబడి చూస్తూ, ఇది ఏమని రాసుంది రా అని అడిగింది. వాడు నేను రాసింది చదివాడు. ఆ అవ్వ అన్న మాట నాకింకా చెవుల్లోనే ఉంది. "జాతరేంది రా? జాతరలో ఒగరన్నా నగకుండా ఉంటారా? మొఖాలు చూడు. ఇది గంజి పోసే కాడ."

1952 కరువు. రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు పెట్టిన ఏడాది. నేను ప్రతి సంవత్సరం పిల్లలకి కరువుల పాఠం చెప్పినదాన్నే, ఆ ఫోటోని రెండు రోజులు చూసీ ఆ మొహాలు గమనించలేదు. ఆమెకి అప్పుడు ఏడేళ్ళట. తలకొక గరిటె పోసేవాళ్ళు కాబట్టి పిల్లలందరినీ వెంటబెట్టుకుని పోయేవాళ్ళమనీ, గంజిలో ఉప్పు చాలదని వాళ్ళమ్మ కొంగున ఉప్పురాయి కట్టుకుని వచ్చేదనీ చెప్పింది. చెప్తూ చెప్తూ వరసలో నాలుగో మనిషి మీద వేలు పెట్టి, ఈమె మా పెద్దమ్మ అంది. మనవడు తింటున్నవాడు చెయ్యి కడుక్కోకుండానే లేచొచ్చాడు. వాడికి ఆ సంగతులేవీ తెలియవు. లైబ్రేరియన్ అబ్బాయి ఫోన్లో రికార్డు చేశాడు, నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఇక ఆ సాయంత్రం నుంచి చూడాలి. అవ్వ వెళ్ళి వీధిలో చెప్పినట్టుంది, ఎప్పుడూ గ్రంథాలయం మెట్లెక్కని పెద్దవాళ్ళు ఆరుగురు వచ్చారు. వెనక డ్రమ్ములాంటిది బిగించిన బస్సు ఫోటో ఒకటుంటే అది బొగ్గు బస్సనీ, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపేవాళ్ళనీ ఒకాయన చెప్పాడు. వారం అయ్యేసరికి పదకొండులో ఎనిమిదింటికి పేర్లు దొరికాయి. ఖర్చయింది జిరాక్సులకీ చార్టులకీ మూడొందల లోపే.

ఆఖరి రోజు సభకి ఫ్లెక్సీ కట్టాలని చార్టులు పీకేశారు. ఫోటోలు మళ్ళీ కవర్లోకి, కవరు బీరువాలోకి. తర్వాత ఆ అబ్బాయికి బదిలీ అయింది. అద్దాల ఫ్రేములు నేనే కొనిస్తాను, గోడకి తగిలించండి అని మూడుసార్లు అడిగాను, పైనుంచి పర్మిషన్ రావాలన్నారు. పుస్తకానికైతే యాక్సెషన్ నంబరు, అంటే రిజిస్టర్లో ఎక్కించిన వరస నంబరు ఉంటుంది, ఈ ఫోటోలు ఏ రిజిస్టర్లోనూ లేవు, కాబట్టి లెక్కప్రకారం అవి లేనట్టే. రేపు ఎవరైనా చెత్త అని పారేసినా అడిగే నాథుడు లేడు. ఈ మాట రాస్తుంటేనే నాకు టెన్షన్ వస్తుంది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుందని చాలామందికి తెలియదు. మన డబ్బుతో నడిచే చోట మన పెద్దమ్మ ఫోటో చూపించమని అడగడానికి మొహమాటం దేనికి?

పుస్తకాల సంగతి వేరే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు మనది ఉత్తర ఆర్కాటు, చిత్తూరే దానికి ముఖ్యపట్టణం. మదనపల్లె వైపు కడప జిల్లాలో ఉండేది. కాబట్టి పాత సంగతులు కావాలంటే "చిత్తూరు" అని వెతికితే ఏమీ దొరకదు, ఆ జిల్లా సంగతులు రాసిన ఇంగ్లీషు పుస్తకం, ఉత్తర ఆర్కాటు మాన్యువల్ అని వెతకాలి. 1881లో కాక్స్ అనే దొర రాసింది, తర్వాత స్టూవర్ట్ తిరగరాశాడు. 1960లో తిరుత్తణి అటు మద్రాసు వైపు వెళ్ళింది, 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది, గూడూరు, సూళ్ళూరుపేట నెల్లూరు నుంచి వచ్చి అందులో కలిశాయి. రేపు అక్కడి పిల్లలు వాళ్ళ ఊరి గురించి ఏ పేరు కింద వెతకాలి? గ్రంథాలయం గోడమీద ఒక్క కాగితం అంటిస్తే చాలు, ఫలానా సంవత్సరానికి ముందైతే ఫలానా జిల్లా పేరుతో చూడండి అని. నేను తిరిగిన ఏ గ్రంథాలయంలోనూ అలాంటి కాగితం కనబడలేదు.

స్కాన్ చేసి నెట్‌లో పెట్టేస్తే చాలంటారు. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కానై ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి, మంచిదే. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు, తెలుగులో వెతికితే సగం దొరకవు. దొరకని పుస్తకం స్కాన్ అయితే ఏంటి, కాకపోతే ఏంటి? అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులే చూడండి, తిరుమల గుడిలో సంకీర్తన భాండారం అనే అరలో వందల ఏళ్ళు ఉన్నాయి. 1922లో వాటిని బయటికి తెచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్ళు కూర్చుని చదివి అచ్చువేయిస్తే, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు రాగాలు కడితే, అప్పుడు కదా అవి మన ఇళ్ళదాకా వచ్చాయి! రాగిరేకులకే చదివిపెట్టే మనిషి కావలసివస్తే జిరాక్స్ ఫోటోలకి అక్కర్లేదా?

ఆ నోట్‌బుక్కు ఇప్పుడు నా దగ్గరే ఉంది, రెండు కాపీలు తీయించాను. మూడు ఫోటోలకి ఇంకా పేర్లు లేవు. ఒకదాంట్లో పెద్ద దిగుడుబావి, గట్టున యూనిఫారాల్లో నలుగురు. కరువు పనులకి రాయలసీమకి మిలిటరీ వచ్చింది కాబట్టి అది ఆ ఏడాదిదే అయ్యుంటుందని నా గట్టి నమ్మకం. బావి ఒకవైపు ఏతం, మెట్ల దగ్గర వంగిన చింతచెట్టు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు అలాంటి బావి ఎవరింట్లో పెద్దవాళ్ళకైనా గుర్తుంటే ఒక్కసారి అడిగి, ఏ ఊరిదో కింద రాయండి.