మాటిమాటికీ జలుబు, గొంతు నొప్పి రాకుండా మందులు లేకుండా ఏం చేయాలి?

నేనైతే ముందు చేతుల గురించే చెబుతాను. జలుబు వైరస్ గాలిలోనే కాదు, మన చేతుల మీదుగా కూడా ముక్కుకీ కళ్లకీ చేరుతుంది. తలుపు గడియ పట్టుకున్న చేత్తోనే కన్ను నలుపుకుంటాం, అది చాలు. బయటి నుంచి రాగానే, తినేముందు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగండి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ చాలామంది వదిలేస్తారు, మురికి ఉండేదే అక్కడ.

తర్వాత నిద్ర. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి, పొద్దున్నే విటమిన్ మాత్ర వేసుకుంటే ఆ లోటు తీరదు. వారానికి 150 నిమిషాలు వేగంగా నడిస్తే బీపీ, షుగర్ ముప్పు కూడా తగ్గుతుంది.

గొంతు గరగర మొదలైతే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించండి. హాయిగా ఉంటుంది, కానీ వైరస్ చావదు. రాత్రి దగ్గుకు పడుకునే ముందు చెంచా తేనె మంచిదే. ఏడాది నిండని పిల్లలకు మాత్రం దయచేసి తేనె నాకించకండి, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆయాసం వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా ఇంటి చిట్కాలతో ఆగకుండా డాక్టర్‌కి చూపించుకోండి.