అద్దాల నెంబరుతో సరిపెట్టుకోకు నాయనా

నాయనా,

కళ్ళు చూపించుకోవడానికి పోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నొప్పి లేదు, ఎవరూ తరమలేదు, నలభై దాటింది కదా ఒకసారి చూపించుకుందామని నీకు నువ్వే అనుకున్నావట. ఎంత సంతోషమేసిందో! మన ఇంట్లో మగవాళ్ళు మంచం ఎక్కితే తప్ప ఆసుపత్రి గడప తొక్కరు. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. ఏదో అద్దాల షాపులో నెంబరు చూపించుకుని, "చూపు బాగుందన్నారు పెద్దమ్మా" అని వచ్చేస్తావేమోనని. మన ఇంట్లో ఉన్న గ్లకోమా జబ్బు అద్దాల నెంబరుతో బయటపడదు, అందుకే రాస్తున్నా.

బోర్డు మీద అక్షరాలు చివరి వరుస దాకా చదివినంత మాత్రాన కంటి నరం బాగున్నట్టు కాదు. తిరుపతిలోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది కదా, అక్కడికి పోతావో ఇంకెక్కడికి పోతావో నీ ఇష్టం. కంటి డాక్టరు ఉన్న చోటికే పో. పాత అద్దాలు, వాడే మందుల చీటీలు తీసుకుపో. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి లోపల చూస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఎండ కళ్ళలో గుచ్చుతుంది. ఆ రోజు స్టీరింగ్ ముట్టుకోవద్దు. కొండ మీదికి ట్రిప్పు ఒప్పుకున్నావని తెలిసిందో, చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చి తాళాలు లాక్కుంటా. ఆటోలో పోయి ఆటోలో రా.

అక్కడ కంటి ప్రెషర్ కూడా కొలుస్తారు. కంటి ప్రెషర్ అంటే బీపీ కాదు. బీపీ సరిగ్గా ఉన్నవాళ్ళకూ ఇది ఎక్కువ ఉండొచ్చు. కంటి లోపల ఎప్పుడూ కొంచెం నీరు ఊరుతూ, అంచున ఉన్న సన్నటి దారిలో బయటికి పోతుంటుంది. చెరువులోకి నీళ్ళు వస్తూనే ఉండి తూము పూడిపోతే ఏమవుతుందో, కంట్లోనూ అంతే. ఒత్తిడి పెరిగి వెనకాల నరం దెబ్బతింటుంది. అదే గ్లకోమా, మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేవాళ్ళు. మామూలు లెక్క 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం. కొలిచేటప్పుడు ఊపిరి బిగపట్టకు, కళ్ళు గట్టిగా మూయకు, మెడ పట్టేసే కాలర్ చొక్కా వేసుకోకు. వీటివల్ల లెక్క ఎక్కువ చూపిస్తుంది. 16 వచ్చిందని లేచి వచ్చేయకు. కంటి ముందు పొర పల్చగా ఉన్నవాళ్ళకు కొలత తక్కువ చూపిస్తుంది. 21 లోపల ఉండీ నరం పాడైనవాళ్ళున్నారు. "నరం చూశారా డాక్టర్?" అని నోరు తెరిచి అడుగు. మా నాన్నకు ఈ జబ్బు ఉండేదని, నాకూ ఉందని కూడా చెప్పు. ఇది రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువ.

మా నాన్న అంటే మీ తాత. ఆయన సంగతి నీకు సగమే తెలుసు. ఊళ్ళో కంటి క్యాంపు పెట్టినప్పుడు రెండు కళ్ళలోనూ ప్రెషర్ 30 దాటిందని చుక్కలు రాసిచ్చారు. బుద్ధిగా వేసుకున్నాడు. మళ్ళీ చూపిస్తే 17 వచ్చింది. "తగ్గిపోయిందిలే" అని సీసా తీసి గూట్లో పెట్టేశాడు. వేసుకున్నన్నాళ్ళే అది తగ్గుతుందని ఆయనకు ఎవరూ విడమరచి చెప్పలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేవాడు. ఇంక అనుమానం ఎవరికొస్తుంది? కాఫీ గ్లాసు ఎడమ పక్కన పెడితే చెయ్యి తగిలి ఒలికిపోయేది. గడప దాటేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకునేది. అవ్వ "చూసుకుని నడవకూడదా" అని అరిచేది, ఆయన నవ్వేసేవాడు. ఈ జబ్బు అంచుల నుంచి తింటూ వస్తుంది నాయనా. పోయిన చోట నల్లగా ఏమీ కనపడదు, అక్కడ ఏదో లేదనే తెలియదు. ఒక ఏడు అలిపిరి మెట్లెక్కుతుంటే మోకాళ్ళమెట్టు దగ్గర పక్కన కూర్చున్న మనిషి కనపడక, కాళ్ళు తగిలి బోర్లా పడ్డాడు. అప్పుడు తీసుకుపోతే డాక్టరు చెప్పింది ఒకటే: పోయింది రాదు, ఉన్నది కాపాడుకుందాం. చివరికి మన తోటలో కాయల్ని చేత్తో తడిమి ఇది తోతాపురి, ఇది బేనీషా అని చెప్పేవాడు. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ పక్కనుంచి బండ్లు దూసుకొచ్చే చోట నువ్వు జనాన్ని ఎక్కించుకుని పోతుంటావు. నా భయమంతా అక్కడే.

పిల్లలకూ చూపించండని ఆ రోజు ఆ డాక్టరు అన్నందుకే నాది తొందరగా బయటపడింది. ఇప్పటికీ రాత్రి పడుకోబోయే ముందు చుక్క వేసుకుంటాను. నీకూ రాస్తే ఇలా వేసుకో: కింది రెప్ప లాగి ఒక్క చుక్క వెయ్యి, కన్ను మూసి ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టు. రెండు రకాలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగు.

చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చేది. రాత్రంతా నిన్ను భుజాన వేసుకుని వరండాలో తిరిగేదాన్ని. పడుకోబెడితే ఎగశ్వాస, ఎత్తుకుంటేనే కాస్త నెమ్మది. నువ్వు మర్చిపోయుంటావు, నేను మర్చిపోలేదు. ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పు. కంటి ప్రెషర్ తగ్గించే టిమోలాల్ అనే చుక్కలు ఉబ్బసం లాంటి ఆయాసం ఉన్నవాళ్ళకు పడవు. కళ్ళు ఎర్రబడ్డప్పుడల్లా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల సంగతి కూడా దాచకు. స్టెరాయిడ్ ఉన్నవి వారాల తరబడి వేస్తే ప్రెషర్ పెరుగుతుంది. ఇకమీదట అలా తెచ్చుకుంటే ఊరుకోను.

ఎప్పుడైనా ఒక్కసారిగా కన్ను విపరీతంగా నొప్పిపుట్టి, వాంతులై, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనపడితే తెల్లారేదాకా ఆగొద్దు. ఎంత రాత్రయినా ఆసుపత్రికి పో.

మీ అమ్మనూ వెంటబెట్టుకుపో. నాకున్నప్పుడు తోడబుట్టిన దానికీ రావచ్చు. ఎన్నిసార్లు చెప్పినా "నాకేం, సూదిలో దారం ఎక్కిస్తా" అంటుంది. నువ్వు పిలిస్తే వస్తుంది. రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, మీ ఇద్దరివీ.

పెద్దమ్మ,
చిత్తూరు