పొడి సరుకు లేని రోజు తడి లారీ వద్దు

ప్రశ్న: నమస్తే అమ్మా. కీసర దగ్గర రెండెకరాలు లీజుకు తీసుకుని కంపోస్టు యార్డు నడుపుతున్నాను. కూరగాయల వ్యర్థాలు, హోటళ్లలో మిగిలిన అన్నం వస్తాయి. మాకు తూర్పున కొత్త కాలనీ పడింది. వానలు మొదలైనప్పటి నుంచి సాయంత్రమైతే వాసనంటూ ఫోన్లు, ఈగలంటూ గొడవలు. వాసన పోగొట్టే మందు కొట్టించమంటారా? షెడ్డు మొత్తం మూసేయమంటారా?
– ఒక పాఠకుడు, కీసర

జవాబు: ఆ మందు కొనకండి బాబూ. అది ఉన్న వాసనకి ఇంకో వాసన కలుపుతుంది, అంతే. ఆ డబ్బుతో ఎండుటాకులు, రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు కొని తడవకుండా నిల్వ పెట్టుకోండి. యార్డు నడిపేవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే: పొడి సరుకు లేని రోజు తడి లారీని గేటు దాటనివ్వకూడదు. బేరం పోతుందని భయపడి దించుకుంటారు. ఆ తడి ముద్ద రాత్రంతా అలాగే పడి ఉంటే అడుగున గాలాడక కుళ్లడం మొదలవుతుంది. పొద్దున దాన్ని కదిలించారంటే వాసనంతా ఊరి మీదికే.

పచ్చి కూరగాయల వ్యర్థంలో నూటికి 80 నుంచి 90 పాళ్లు నీరే. కుప్పలో మాత్రం తేమ 50–60 శాతం ఉండాలి, కార్బన్ (పొడి సరుకులో ఎక్కువుండేది) నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉండాలి. ల్యాబు లేదని ఆగకండి. బకెట్ తడికి రెండు బకెట్ల పొడి చొప్పున మొదలుపెట్టి, కలిపాక గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిపోయింది. ధార కారితే పొడి చాలలేదు. పిడికిలి విప్పగానే రాలిపోతే నీళ్లు చల్లాలి.

మీ యార్డులో నాకు ఎక్కువ అనుమానం అన్నం మీద. బిర్యానీ అన్నం నూనెతో కలిసి ముద్ద కడుతుంది, ఆ ముద్ద లోపలికి గాలి పోదు, పులుస్తుంది. దాన్ని కుప్ప మీద పోయొద్దు. కింద ఒక పొర పొట్టు పరిచి, దాని మీద అన్నం పోసి, పారలతో ముద్దలు చితగ్గొట్టి, కొంచెం తయారైన కంపోస్టు కలిపి అప్పుడు వరుసలోకి, అంటే పొడుగ్గా పోసే కుప్పలోకి ఎక్కించండి. పైన జానెడు మందాన పాత కంపోస్టు కప్పండి. కింద నుంచి వచ్చే వాసనని ఆ పొరలోని సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి. మీరడిగిన మందు చేయలేని పని అదే.

వాసన ఏ రకమో పట్టుకుంటే విరుగుడు కూడా తెలుస్తుంది. కళ్లు మండే అమ్మోనియా ఘాటైతే నత్రజని ఎక్కువైంది, పొట్టు కలపండి. కుళ్లిన గుడ్ల కంపైతే లోపల గాలి లేదు, నీరు ఎక్కువైంది. పుల్లటి వాసన అన్నం నుంచే వస్తోంది.

ఇక సాయంత్రం ఫోన్ల సంగతి. వానాకాలంలో మన హైదరాబాద్ మీద గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. కాలనీ మీకు తూర్పున ఉంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీ గాలి నేరుగా వాళ్ల కిటికీల్లోకే. పైగా పొద్దు వాలాక నేల చల్లబడి గాలి పైకి లేవదు, వాసన నేలబారుగా పాకుతుంది. తెల్లవారుజామునా అంతే. కూలీలకు చల్లగా ఉంటుందని ఆ వేళల్లో జేసీబీతో కుప్పలు తిప్పిస్తున్నారేమో చూసుకోండి. ఎండ బాగా ఎక్కాక, పదకొండు నుంచి మూడింటి లోపల తిప్పించండి. పచ్చి సరుకు దించే చోటు పడమటి కొసకు మార్చండి. కాలనీ వైపు తయారైన కంపోస్టు, జల్లెడ ఉంచుకోండి. జల్లెడ దుమ్ము మాత్రం తడిపి అణచాలి.

షెడ్డు మొత్తం మూసే ఖర్చు మీకు అక్కర్లేదు. సరుకు దించే చోటుకీ, మొదటి వరుసలకీ పైకప్పు వేయండి, చాలు. ఎకరం నేల మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్ల నీరు. మన దగ్గర అంత వాన ఒక్క సాయంత్రంలో కురుస్తుంది. కప్పు మీద పడిన మంచి నీటిని వేరే కాలవలో బయటికి పంపండి, కుప్పను తాకిన నీటిని తొట్టిలోకి మళ్లించండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు కూడా వరుసల కింద కాంక్రీటు గానీ, 50 సెంటీమీటర్ల గట్టిపరచిన బంకమన్ను గానీ ఉండాలనీ, ఆ నేల ఒకటి రెండు శాతం వాలుతో, చుట్టూ నీరింకని కాలవలతో ఉండాలనీ చెప్పాయి. వరుసలు వాలు వెంబడే పొయ్యండి. అడ్డంగా పోస్తే ప్రతి వరుసా ఒక ఆనకట్టే, నీళ్లు మడుగు కడతాయి. తొట్టిలోని ఊటను కొత్త వరుసల మీద మాత్రమే చల్లండి. పండిన కంపోస్టు మీద చల్లితే చచ్చిన క్రిములను మళ్లీ తెచ్చి పెట్టినట్టే.

ఈగల కోసం వరుస అంచు దగ్గర, కుప్ప నేలను తాకేచోట పారతో ఎత్తి చూడండి. తెల్లటి పురుగులు అక్కడే గుంపుగా ఉంటాయి, ఎందుకంటే నడిమి వేడి అవి తట్టుకోలేవు. మన ఎండల్లో గుడ్డు ఈగ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి మొదట్లో మూడు రోజులకోసారి తిప్పుతూ, అంచు సరుకును తప్పకుండా లోపలికి వేయించండి. తిప్పేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ అంచునే. నడుమ వేడి 55 డిగ్రీలు దాటి పదిహేను రోజులు నిలవాలి, ఆ పదిహేను రోజుల్లో కనీసం ఐదుసార్లు తిప్పాలి. పొడుగాటి థర్మామీటరు కొనుక్కోండి, కళ్లతో అంచనా వద్దు.

ప్రశ్న: మా ఇంటికి దగ్గర్లో కంపోస్టు యార్డు ఉంది. మా నాన్నగారికి ఆస్తమా. భయపడాలా?
– ఒక పాఠకురాలు, ఘట్‌కేసర్

జవాబు: వాసన కంటే దుమ్ము చూడాలమ్మా. వేడి కుప్పల్లో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు పెరుగుతుంది, తిప్పేటప్పుడూ జల్లించేటప్పుడూ దాని బీజాలు గాలిలో లేస్తాయి. ఇంగ్లండులో యార్డుకి 250 మీటర్ల లోపల ఇళ్లుంటే దీని మీద ప్రత్యేకంగా లెక్క చూస్తారు. మీ ఇల్లు అంతకంటే దగ్గరైతే, ఏయే వేళల్లో తిప్పుతారో యార్డువాళ్లను అడిగి తెలుసుకుని ఆ సమయానికి కిటికీలు మూయండి, ఛాతీ డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. వాసన వచ్చిన తేదీ, గంట, గాలి ఎటు నుంచి వీస్తోందో ఒక నోట్‌బుక్కులో రాసి వాళ్లకి ఇవ్వండి. ఉత్త ఫిర్యాదు కంటే ఆ కాగితం చూసి యార్డువాళ్లు ఏ కుప్ప తప్పో కనిపెట్టగలరు.