చిన్నాకి, ఆదరణ కూడికకి ముందు

చిన్నా,

అమ్మ పోయాక శనివారం పెట్టుకున్న ఆదరణ కూడికలో నువ్వే నిలబడి సాక్ష్యం చెప్తావని మీ అక్క ఫోన్‌లో చెప్పింది. నలుగురిలో ప్రార్థన చెయ్యమంటే వంటింట్లోకి పారిపోయేవాడివి! అమ్మ కోసం మైకు ముందుకి వెళ్తానన్నావంటే గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చెప్పేది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకో, ఫోన్ చూసి చదవకు. అయిదు నిమిషాలు చాలు. వంట చేసినవాళ్లకీ, సమాధి తవ్వినవాళ్లకీ వందనాలు చెప్పడం మర్చిపోకు.

ఇక నా టెన్షన్ ఏమిటో విను. మీ చిన్న మామయ్య పోయేనాటికి నువ్వు పుట్టలేదు. పెళ్లీడుకొచ్చిన పిల్లాడు, కామెర్లొచ్చి పోయాడు. భూస్థాపన అయ్యీ కాకముందే సంఘ పెద్దలు వచ్చి అమ్మమ్మ చుట్టూ కూర్చున్నారు. థెస్సలొనీకయుల పత్రికలో మాట ఎత్తి, నిరీక్షణ లేనివాళ్లలా ఏడవకూడదమ్మా, సాక్ష్యం పాడవుతుందన్నారు. ఇంట్లో మగవాళ్లూ వాళ్లకే వంత పాడారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని కూడికలో కీర్తన ఎత్తుకుంది. ఎంత విశ్వాసమో అని అందరూ ఒకటే మెచ్చుకోవడం. ఆ మెప్పే ఆవిడ కొంప ముంచింది. ఆ తర్వాత ఏడిస్తే విశ్వాసం పోయిందంటారని భయం. గుడికి వచ్చేది, వెనక కూర్చునేది, రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం వేళకి చెప్పులేసుకుని వెళ్లిపోయేది. ఏళ్ల తరబడి అంతే. పొయ్యి దగ్గర పొగ వంక పెట్టి ఏడుస్తుంటే కనిపెట్టింది మీ అమ్మ ఒక్కతే. పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగేది, ఒక్క మాట అనేది కాదు. అదిరా మీ అమ్మంటే. శనివారం ఇంకేం చెప్పకపోయినా ఇది చెప్పు.

ఆ పత్రికలో పౌలు ఏడవొద్దని రాయలేదు చిన్నా, ఆశ లేనివాళ్లు ఏడ్చినట్టు ఏడవొద్దన్నాడు. చనిపోయిన లాజరుని ఇంకాసేపట్లో లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. నువ్విక్కడుంటే నా తోబుట్టువు చనిపోయేవాడు కాదని మార్త నిష్ఠూరమాడితే ఆమెని కసురుకోలేదు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబుని ఓదార్చడానికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు విప్పాకే చెడింది. కూడికకి అలాంటివాళ్లు వస్తారు. దేవుడికి మంచివాళ్లే కావాలి బాబూ అంటారు. వాదించకు, టీ ఇవ్వు.

అమ్మమ్మ మళ్లీ సంస్కారం తీసుకుందంటే ఇంటింటికీ వచ్చి వాక్యం చదివే ఒక బైబిల్ ఉమన్ చలవే. ఆవిడ ఓ మధ్యాహ్నం వచ్చి 88వ కీర్తన చదివింది. ఆ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు ఉండదు. వివరించకుండా బైబిలు మూసేసింది. ఇలాంటి మాటలు కూడా దేవుడితో అనొచ్చా అని అడిగింది అమ్మమ్మ. ఆ రోజు గొంతెత్తి ఏడ్చింది. పోయినవాళ్లు తిరిగి లేస్తారనే పునరుత్థానం సంగతి చాలా రోజుల తర్వాత తనంతట తనే ఎత్తింది. ఎవరూ తొందరపెట్టలేదు కాబట్టే అది ఆవిడకి నిలిచింది.

అందుకే, గొంతు పట్టేస్తే ఆగిపో. కాగితం అక్కకిచ్చి కూర్చో. ఆదివారం పాడాలనిపించకపోతే ఊరుకో, పక్కవాళ్లు పాడతారు. నవంబరు 2న సమాధుల పండుగకి సెలవు పెట్టుకో, సున్నం వెయ్యడానికి నేనూ వస్తా.

తిండి మానేశావని కూడా చెప్పిందిలే మీ అక్క. ఆ సంగతి వచ్చాక తేలుస్తా. శుక్రవారం రాత్రి బస్సుకే బయల్దేరుతున్నాను.

మీ పెద్దమ్మ