స్టాంపు పేపరు సరే, పోర్టల్‌లో ఒప్పందం ఉందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె అండి. మా అబ్బాయి ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ రెండేళ్ల కోర్సు పాసయ్యాడు. ఎనిమిది నెలల కిందట ఓ రొయ్యల ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరాడు. నెలకు 4,500 చేతికిస్తున్నారు. చేరినరోజే వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకుని, పదో తరగతి, ఐటీఐ సర్టిఫికెట్లు తీసేసుకున్నారు. రెండేళ్లలోపు మానేస్తే 50,000 కట్టాలట. రాత్రిపూట అమ్మోనియా కంప్రెసర్ గదిలో ఒక్కణ్ణే వదిలేస్తున్నారు. మానిపించవచ్చా? ప్రభుత్వం అప్రెంటిస్ రూల్స్ మార్చిందంటున్నారు, మావాడికేమైనా పనికొస్తాయా?

జవాబు: పనికొస్తాయి. కానీ మానిపించడానికి తొందరపడకండి.

మన వైపు స్టాంపు పేపరంటే కోర్టు డిక్రీ అన్నంత భయం. మీరు అడగాల్సింది వేరే కాగితం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం యజమానికీ అబ్బాయికీ మధ్య అప్రెంటిస్ ఒప్పందం ఉండాలి. దాని వివరాలను యజమాని ఏడు రోజుల్లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఎక్కించాలి. 2014 సవరణ తెచ్చిన పద్ధతి ఇది. అబ్బాయి పేరుతో పోర్టల్‌లో ఒప్పందం ఉందో లేదో ఈ వారమే చూడండి. మీకు చేతకాకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి అడగండి, చూసి పెడతారు.

ఉందనుకుందాం. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవాడికి మొదటి ఏడాది నెలకు కనీసం 7,000 స్టైపెండ్ (శిక్షణ కాలపు భృతి) ఇవ్వాలి, అదీ మరుసటి నెల పదో తారీఖులోపు. కేంద్ర ప్రోత్సాహక పథకం కింద ఇందులో నాలుగో వంతు, గరిష్ఠంగా 1,500, ప్రభుత్వం నేరుగా అబ్బాయి ఖాతాలో వేస్తుంది. అది పోయినా ప్లాంటు వాటా 5,500. మీవాడికొస్తున్నది 4,500. బ్యాంకు పాస్‌బుక్ తెరిచి చూడండి, ప్రభుత్వం వాటా పడిందా? ఒక్క రూపాయీ పడకపోతే 7,000కు నెలకు 2,500 తక్కువ, ఎనిమిది నెలలకు 20,000 బాకీ. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండ్‌ను 36 శాతం పెంచమని సిఫారసు చేసింది. అయితే సిఫారసు చూపించి ఎవరి దగ్గరా డబ్బు రాబట్టలేం కాబట్టి నేను పాత అంకెతోనే లెక్క కట్టాను.

ఇక స్టాంపు పేపరు మీద రాయించుకున్న బాండు. ఐటీఐ పాసైనవాడికి శిక్షణ సాధారణంగా ఏడాదే, మరి ఈ రెండేళ్లు ఎక్కడివి? శిక్షణ అయ్యాక అక్కడే పనిచేయాలనే షరతు పెట్టడం తప్పేం కాదు. కానీ అది అప్రెంటిస్ ఒప్పందంలోనే ఉండాలి. అలా ఉంటే 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ అవగానే తగిన ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమాని మీద పడుతుంది. మీ కాగితంలో ఉద్యోగం ఊసు ఉందా? ఉండదని నా అనుమానం. అబ్బాయి తప్పువల్ల ఒప్పందం మధ్యలో రద్దయితే శిక్షణ ఖర్చు తిరిగివ్వాల్సి రావొచ్చు, నిజమే. కానీ అదెంతో తేల్చేది అప్రెంటిస్‌షిప్ సలహాదారు, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి; ప్లాంటు మేనేజరు కాదు. తప్పు యజమానిదైతే ఆయనే మూడు నెలల స్టైపెండ్ పరిహారంగా కట్టాలి. అందుకే చెప్పాపెట్టకుండా మానిపించొద్దంటున్నాను. గైర్హాజరు పడిందా, తప్పు మీవైపుకి తిరుగుతుంది. రద్దు కావాలంటే 7వ సెక్షన్ కింద సలహాదారుకు దరఖాస్తు పెట్టండి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు ఉంది.

సర్టిఫికెట్లు కుదువ పెట్టుకునే హక్కు ఈ చట్టం ఏ యజమానికీ ఇవ్వలేదు. తిరిగివ్వమని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, రసీదు దాచుకోండి.

అసలు ఒప్పందమే పోర్టల్‌లో లేదనుకోండి. 'అయితే మావాడు అప్రెంటిస్ కాదు, వర్కరే' అని చాలామంది ఎగిరి గంతేస్తారు. ఆగండి. రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన అప్రెంటిస్ కార్మికుడైపోడని 2004లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్షణ అనేదే లేకుండా, జీతగాడు చేసే షిఫ్టు పనే చేయించారని చూపించగలిగితే కనీస వేతనం, ఈఎస్ఐ, పీఎఫ్ అడగడానికి వాదన నిలబడుతుంది. డ్యూటీ చార్టు, హాజరు పుస్తకం ఫోటోలు ఇప్పటినుంచే తీసి పెట్టుకోమనండి.

'మాది చిన్న ప్లాంటు, మాకీ చట్టం ఎందుకు' అంటారేమో. 30 మంది, ఆపైన ఉంటే అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి. కాంట్రాక్టు మీద వచ్చి రొయ్యలు వలిచే ఆడవాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. వాళ్లను కలిపితే చిన్నదనే ప్లాంట్లెన్ని మిగులుతాయో మీకే తెలుసు.

కంప్రెసర్ గది సంగతి డబ్బుకంటే ముందు చూడాల్సింది. శిక్షణకు అర్హత ఉన్న మనిషిని పెట్టాల్సిన పూచీ యజమానిది. భద్రత విషయంలో అప్రెంటిస్‌కూ ఫ్యాక్టరీ కార్మికుడితో సమానంగా చట్టం వర్తిస్తుంది. దెబ్బ తగిలితే పరిహారం కట్టాల్సిందీ యజమానే. సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. ఈ రాత్రి డ్యూటీకి వెళ్లగానే గ్యాస్ మాస్కు ఎక్కడుందో, లీకైతే ఏ వాల్వు కట్టాలో అబ్బాయిని అడగమనండి. జవాబు రాకపోతే సలహాదారుకిచ్చే అర్జీతో పాటు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఇంకో అర్జీ పెట్టండి.