పది నిమిషాల టాక్‌కి ఇంత భయమా?

ప్రశ్న: తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. యూరోపియం అనే మూలకం కలిపిన బోరేట్ గాజు మీద నా ప్రాజెక్టు. డిపార్ట్‌మెంట్ కాన్ఫరెన్స్‌లో పది నిమిషాలు మాట్లాడమన్నారు. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంగ్లిష్‌లో తడబడతాను. నెట్ పరీక్షకి చదువుకోవాలని చెప్పి తప్పించుకోవచ్చా సార్?

జవాబు: వద్దమ్మా. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొడితే నెలకు 37,000 రూపాయలు వస్తాయి, కాదనను. కానీ పీహెచ్‌డీ సీటుకు ఇంటర్వ్యూ ఉంటుంది. ఏర్పేడు ఐఐటీ, ఐసర్ అయినా, గాదంకిలోని వాతావరణ పరిశోధన సంస్థ నార్ల్ అయినా, కూర్చోగానే మామూలుగా అడిగేది మీ ప్రాజెక్టు గురించే. అక్కడ మొదటిసారి తడబడేకంటే మన సార్ల ముందు తడబడటం నయం కదా.

ఇంగ్లిష్ తప్పులు ఎవరూ లెక్కపెట్టరు. సొంత గ్రాఫ్ చెప్పలేకపోతే మాత్రం దొరికిపోతారు. మీ ఎమిషన్ స్పెక్ట్రమే, అంటే గాజు వెలువరించే కాంతి గ్రాఫే తీసుకోండి. 590 నానోమీటర్ల దగ్గరొక పీక్, 612 దగ్గర ఎర్రటి పెద్ద పీక్ ఉంటాయి. 'రెండోది ఎందుకంత పెద్దది?' అని ఎవరో ఒకరు అడుగుతారు. మొదటిది మాగ్నెటిక్ డైపోల్ ట్రాన్సిషన్, యూరోపియం అయాన్ చుట్టూ ఏమున్నా పెద్దగా మారదు. రెండోది ఎలక్ట్రిక్ డైపోల్, చుట్టూ సౌష్ఠవం (సిమెట్రీ) తగ్గేకొద్దీ బలపడుతుంది. అందుకే ఆ రెండింటి నిష్పత్తి చూసి గాజు లోపలి సంగతి చెప్పగలుగుతాం. ఇది ముందు హాస్టల్ రూమ్‌మేట్‌కి తెలుగులోనే చెప్పండి. ఆమె కెమిస్ట్రీ అమ్మాయైతే మరీ మంచిది, ఊరికే తలూపదు. ఆమెకు అర్థమయ్యాకే ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి. మొదటి మూడు వాక్యాలు తప్ప ఏదీ బట్టీ పట్టొద్దు.

చాలామంది లేజర్లు, ఎల్‌ఈడీల ఉపయోగాలు చెబుతూనే నాలుగు నిమిషాలు తినేస్తారు. ఒక్క స్లైడు చాలు. గ్రాఫ్ అక్షాల మీది అంకెలు చివరి బెంచీకి కనపడాలి. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ కూడా పెట్టుకోండి. వేరే కంప్యూటర్‌లో సమీకరణాలు చెదిరిపోయి పిల్లలు బిక్కమొహం వేయడం చాలాసార్లు చూశాను.

తెలియని ప్రశ్న వస్తే 'ఆ కొలత మేము తీయలేదు సార్' అనేయండి. అది తప్పు కాదు, అల్లి చెబితేనే గైడ్ తల దించుకోవాల్సి వస్తుంది. ఇంకోటి, చివర్లో పూలబొమ్మతో 'థాంక్యూ' స్లైడు పెట్టకండి. ఆ స్పెక్ట్రమ్‌నే తెర మీద ఉంచండి, ప్రశ్నలన్నీ వచ్చేది దాని మీదే.